తాలుకాయల నాయనమ్మ

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఇరవై ఎనిమిదేళ్ళ వయసు, ఆరేళ్ళ కూతురు, నాలుగేళ్ళ కొడుకు, చేతిలో ఫోను, బీరువాలో బి.ఇడి. సర్టిఫికెట్టు. అన్నీ తెలియడానికి మనిషికి ఇంతకంటే ఏం కావాలి? పిల్లల మనస్తత్వం మీద ఒక పేపరంతా రాసి పాసైనదాన్ని (ఎన్ని మార్కులతో అని మాత్రం అడక్కండి). దానికి తోడు, మధ్యాహ్నం గిన్నెలు తోముకుని కాస్త నడుం వాల్చగానే ఫోనులో ఒకావిడ వచ్చి, పిల్లల్ని స్వేచ్ఛగా వదిలెయ్యండి, వాళ్ళ పని వాళ్ళనే చేసుకోనివ్వండి అని ఎంతో శాంతంగా చెప్పేది. ఆవిడ వెనకాల ఎప్పుడూ ఒక తెల్లటి సోఫా ఉండేది. పిల్లలున్న ఇంట్లో సోఫా అంత తెల్లగా ఎలా ఉంటుందన్న అనుమానం నాకు అప్పట్లో రాలేదు. ఇప్పుడు వస్తోంది.

అయితే నా పట్టుదలకి అసలు కారణం ఆవిడ కాదు, మా అమ్మ. అద్దంకిలో మా అమ్మ నన్ను పెంచిన తీరంతా ఒక్క మాటలో చెప్పొచ్చు. అరుగు దిగబోతే "పడతావ్", సైకిలు ముట్టుకుంటే "పడతావ్", మేడ మెట్ల మీద ఆడితే "పడతావ్, మూతి పగులుద్ది." నేను ఎక్కడా పడకుండానే పెరిగాను. సైకిలు రాదు, ఈత రాదు, కొత్తవాళ్ళతో మాట రాదు. పెళ్ళయి సత్తెనపల్లి దగ్గర ఈ ఊరికి కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి ఒంటరిగా పుట్టింటికి బయల్దేరాను. బస్టాండులో అద్దంకి వైపు వెళ్ళే బస్సేదో ఎవరినైనా అడగాలి. అడగడానికి మొహమాటం. ఒక స్తంభం పక్కన నిలబడి, నిలబడి, మూడు గంటల తర్వాత సంచీ పట్టుకుని తిరిగి ఇంటికే వచ్చేశాను. "ఏం, బస్సు లేదా?" అన్నారు మా ఆయన. లేదన్నాను. బస్సులు బ్రహ్మాండంగా ఉన్నాయి, నాకే నోరు లేదు. నాకు పుట్టబోయే పిల్లలు నాలాగా మాత్రం కాకూడదని ఆ రోజే గట్టిగా అనుకున్నాను. తర్వాత నేను వేసిన వేషాలన్నీ ఆ స్తంభం దగ్గర మొదలైనవే.

అమ్మాయికి మూడేళ్ళు నిండగానే ఇంట్లో సభ పెట్టాను. సభికులు ఇద్దరు: మా ఆయన, మా అత్తయ్య. ఇకమీదట పిల్లలకి ఎవరూ ముద్దలు కలిపి పెట్టకూడదు, వాళ్ళ అన్నం వాళ్ళే తింటారన్నాను. ఎవరు పాడుచేసింది వాళ్ళే బాగుచెయ్యాలి, మధ్యలో మనం దూరకూడదన్నాను. అన్నిటికంటే ముఖ్యంగా, ఈ ఇంట్లో పిల్లల్ని ఎవరూ "పడతావ్" అనకూడదన్నాను. మా ఆయన గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నారు. మా అత్తయ్యది గట్టి గొంతు; పొలంలో ఈ గట్టున నిలబడి ఆ చివరి సాలులో ఉన్నవాళ్ళకి మంచినీళ్ళు కావాలేమో కనుక్కోగలదు. కానీ ఆ రోజు మామూలు గొంతుతోనే అడిగింది.

"పడబోయేవాణ్ణి పడతావనకుండా ఏమనాలమ్మాయ్?"

"ఏమీ అనక్కర్లేదత్తయ్యా. పడితే వాళ్ళే లేస్తారు."

"సర్లే. నీ పిల్లలు, నీ ఇష్టం," అంది. ఆ "నీ"ని ఆవిడ ఒత్తిన ఒత్తుకి నాకు రెండు రోజులు అన్నం సహించలేదు.

కానీ మాటంటే మాటే ఆవిడకి. పిల్లలు ప్రహరీ గోడ ఎక్కుతుంటే ఆవిడ నోట్లోంచి "పడ..." అని సగం మాట వచ్చేసేది. నేను వంటింట్లోంచి తల బయటపెట్టేదాన్ని. వెంటనే ఆవిడ దాన్ని మింగి, "పడ... పడమటింట్లో చాటుంది, తెండ్రా," అనేది. కొన్నాళ్ళకి పడమటిల్లు కూడా దూరమనిపించిందేమో, "ప... ప... పప్పు!" అనెయ్యడం మొదలెట్టింది. ఆరునెలలు తిరిగేసరికి మా ఇంట్లో "పప్పు" అంటే జాగ్రత్త అని అర్థం స్థిరపడిపోయింది. చుట్టాలొచ్చినప్పుడు నీళ్ళ తొట్టి అంచు మీద నడుస్తున్న పిల్లల్ని చూసి ముసలావిడ పప్పు, పప్పు అని ఎందుకు కేకలేస్తోందో అర్థంకాక, పాపం ఆకలిగా ఉందనుకుని భోజనానికి తొందరపెట్టిన బంధువులు కూడా ఉన్నారు.

నా పెంపకం ఫలించింది. అనుకున్నదానికంటే ఎక్కువ ఫలించింది. మా అమ్మాయి జడ తనే వేసుకునేది (ఎటు చూసినా మూడు జడల్లా కనిపించేది), స్నానం తనే చేసేది (ట్యాంకు ఖాళీ అయ్యేది), దోసె తనే తిప్పేది (దాని సంగతి వద్దులెండి). ఏమడిగినా "నేనే" అనేది కాబట్టి మా ఆయన దానికి నేనేగారు అని పేరు పెట్టారు. నేనేగారు ఎక్కడుంటే మా అబ్బాయి అక్కడుండేవాడు కాబట్టి వాడి పేరు తోక.

ఆ ఏడు మిరప మాకు బాగా పండింది. ఇంటి పక్కనే కల్లంలో పట్టాలు పరిచి కాయ ఎండబోశాం. ఎండిన కాయలో రంగు పోయి తెల్లబడ్డవి కొన్ని ఉంటాయి, వాటిని తాలు అంటారు. ఎర్ర కాయలో తాలు కలిసి కనిపిస్తే కొనేవాళ్ళు మొహం తిప్పేసుకుంటారు. అందుకని ఏరేవాళ్ళు ఆరుగురు ఆడవాళ్ళు నాలుగు రోజులు ఎండలో కూర్చుని, తుమ్ముతూ, కబుర్లు చెప్పుకుంటూ తాలంతా ఏరి ఒక మూల కుప్ప పోశారు. ఆఖరి రోజు వాళ్ళ మేస్త్రమ్మ మా అత్తయ్యని ఆటపట్టించింది.

"అక్కా, కాయలో తాలు మేం ఏరతన్నాం. నీ తలలో తాలు ఎవురేరతారు? మొత్తం తాలు పడింది గదా."

"నీది పడలా? రంగేసి దాస్తన్నావు, అంతేగా," అంది మా అత్తయ్య. ఆరుగురూ పడీ పడీ నవ్వారు. నేనేగారు మాత్రం నవ్వలేదు. నాయనమ్మ తల వైపూ, తాలు కుప్ప వైపూ మార్చి మార్చి చూసింది. ఆ చూపులో ఏముందో నాకప్పుడే తెలిసి ఉండాల్సింది. పిల్లల మనస్తత్వం మీద పేపరు రాసింది నేనే కదా.

మర్నాడు పొద్దున్నే కాయ మిర్చి యార్డుకి తీసుకెళ్ళడానికి లారీ వస్తుంది. మేస్త్రమ్మ వాళ్ళు మధ్యాహ్నానికే పని ముగించి వెళ్ళిపోయారు, రేపటి నుంచి వాళ్ళకి వేరే ఊళ్ళో పని ఉంది. మా ఆయన గోతాల కోసం సత్తెనపల్లి వెళ్ళారు. అత్తయ్య మంచం మీద నడుం వాల్చింది. ఎర్ర కాయంతా ఆఖరి ఎండకి పట్టాల మీద పలచగా పరిచి ఉంది. "కల్లంలో ఆడుకుంటాం" అంది నేనేగారు. ఇద్దరికీ మూతికి గుడ్డలు కట్టి, "కళ్ళు మాత్రం ముట్టుకోకండి" అని చెప్పి పంపి, నేను లోపలికొచ్చి ఫోను తెరిచాను. తెల్ల సోఫా ఆవిడ ఆ రోజు, పిల్లల్లో కళ పొంగుతున్నప్పుడు పెద్దవాళ్ళు అడ్డురాకూడదని చెబుతోంది. బయట్నుంచి చప్పుడే లేదు. నాలుగేళ్ళవాడూ ఆరేళ్ళదీ గంటన్నరసేపు ఒక్క అరుపు లేకుండా ఆడుకుంటున్నారంటే అది నా పెంపకం గొప్పతనమే అనుకుని, ఆ సంతోషంలో ఒక కునుకు కూడా తీశాను.

మా ఆయన గొంతు వినిపించి లేచాను. "ఇదిగో, ఒకసారి ఇట్రా," అన్నారు. కోపం లేదు, ఏమీ లేదు, ఆస్పత్రిలో మాట్లాడినట్టుంది ఆ గొంతు. వెళ్ళి చూద్దును కదా, కల్లంలో మూల ఉండాల్సిన తాలు కుప్ప లేదు. ఎర్ర కాయ మీద, నాలుగు మంచాలంత మేర, మా అత్తయ్య ఉంది. ఎర్రటి మొహం, తెల్లటి జుట్టు, పాపిట, వెనక కొప్పు. కనుబొమలున్నాయి. ముక్కుంది, ముక్కుకి పుడక ఉంది. చేతులు తోక వేశాడట, ఒక్కో చేతికి తొమ్మిదేసి వేళ్ళు. నిజం చెప్పొద్దూ, పోలిక తప్పలేదు.

"నాయనమ్మ," అంది నేనేగారు, గౌనులో మిగిలిన తాలు దులుపుకుంటూ. "తల మొత్తం తాలు పడింది."

మా ఆయన నా వైపు తిరిగారు. "ఇప్పుడు నేను అరవచ్చా, అరవకూడదా? నీ రూల్సులో ఏముంది?"

నారు పోసిన నాటి నుంచీ ఇంటిల్లిపాదీ పడ్డ కష్టమంతా ఆ పట్టాల మీద ఉంది. అది తాలు కలిసిన కాయగా యార్డుకి వెళ్ళకూడదు. లారీ పొద్దున్నే వస్తుంది, ఏరేవాళ్ళు లేరు. ఇక్కడేమో, పిల్ల మొహం వెలిగిపోతోంది. బాగుందని ఎవరో ఒకరు అంటారని ఎదురుచూస్తోంది. అరిచానంటే ఆ మొహం ఏమవుతుందో నాకు తెలుసు, ఆ మొహంతోనే కదా నేను బస్టాండులో మూడు గంటలు నిలబడింది.

ఇంతలో అత్తయ్య లేచి వచ్చింది. తనని తాను పైనుంచి కిందిదాకా చూసుకుంది. ఆవిడ నోరు తెరిస్తే నా మూడేళ్ళ పెంపకం ఆ కల్లంలోనే ముగిసిపోతుందనుకున్నాను. "నా ముక్కు అంత లావుంటదా?" అంది.

నాకు పౌరుషం తన్నుకొచ్చింది. "బొమ్మ బాగుందమ్మా," అన్నాను నేనేగారితో. "కానీ ఈ కాయ రేపు లారీ ఎక్కాలి. తాలు కలిస్తే ఎవరూ తీసుకోరు. ఎవరు కలిపింది వాళ్ళే ఏరాలి. పొద్దుగూకేలోపు." దాని మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. తర్వాత గుడ్డ మూతికి బిగించుకుని కనుబొమ దగ్గర కూర్చుంది. మా ఆయన నెత్తి పట్టుకున్నారు. "ఆరుగురు నాలుగు రోజులు ఏరిందే ఇది. మేస్త్రమ్మకి ఫోన్ చేస్తా."

"చెయ్యద్దు. బొమ్మగా పైన పేర్చినవే కదా, చప్పున వచ్చేస్తాయి," అన్నాను. నేను మాత్రం పక్కనే పీట వేసుకుని, ఊరికే పర్యవేక్షిద్దామని కూర్చున్నాను. పర్యవేక్షిస్తూ పర్యవేక్షిస్తూ నా చేతులు వాటంతటవే ఏరడం మొదలెట్టాయి. పది నిమిషాలు గడిచాయో లేదో తోక కెవ్వుమన్నాడు. కన్ను నులుముకున్నాడు. నేను ఒక్క ఉదుటున వెళ్ళి వాణ్ణి ఒళ్ళోకి తీసుకుని, నా రెండు చేతులతో వాడి రెండు కళ్ళూ ప్రేమగా తుడిచాను.

మిరపకాయ ముట్టుకున్న చేత్తో కన్ను ముట్టుకోకూడదని మా వైపు ఉయ్యాల్లో ఉన్న బిడ్డకి కూడా తెలుసు. ఆ క్షణంలో నా ఒక్కదానికే తెలియలేదు. వాడి ఏడుపు రెండింతలైంది. వాడి ఏడుపు చూసి నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే మనిషి ఏం చేస్తుంది? కళ్ళు తుడుచుకుంటుంది. తుడుచుకున్నాను, అవే చేతులతో.

అత్తయ్య ఒక చేత్తో వాణ్ణి, ఒక చేత్తో నా జబ్బ పట్టుకుని నీళ్ళ తొట్టి దగ్గరికి లాక్కెళ్ళింది. ఇద్దరి తలలూ పక్కపక్కన వంచి, చెంబుతో నీళ్ళు వాడికోసారి నాకోసారి పోసింది. "కళ్ళు తెరువ్. నువ్వు కూడా తెరువ్," అని ఇద్దర్నీ ఒకే గొంతుతో గదిమింది. తర్వాత మా చేతులు సబ్బుతో రుద్ది, మజ్జిగలో కొంగు తడిపి చెంపలకి అద్దింది. వాడు నెమ్మదించాడు. నేను నెమ్మదించలేదు. కళ్ళ మంట తగ్గుతున్నకొద్దీ లోపల భయం పెరుగుతోంది. పిల్లవాడి కళ్ళేమవునో, పంటేమవునో, ఇదంతా నా పంతం వల్లే కదా అనిపించింది. "ఏమండీ, మేస్త్రమ్మకి ఫోన్ చెయ్యండి. నా వల్ల కాదు," అన్నాను. ఆ మాట అనడానికి నేను పడ్డ సిగ్గు ఇప్పటికీ గుర్తుంది.

మా ఆయన జేబులో చెయ్యి పెట్టారు. "ఫోను లోపల పెట్టరా," అంది అత్తయ్య. నా గడ్డం పట్టుకుని కల్లం వైపు తిప్పింది. "అటు చూడమ్మాయ్."

మసక మసగ్గా కనిపించింది. ఇంత గొడవ జరుగుతున్నా నేనేగారు తలెత్తలేదు. ఒక కనుబొమ పూర్తిగా పోయింది. రెండోది సగమైంది. ఏరిన తాలు పక్కన బుట్టలో పడుతోంది. తుమ్ము వస్తే మొహం అటు తిప్పి మోచేతిలో తుమ్మి, మళ్ళీ ఏరుతోంది.

"మొదలెట్టిన పని మజ్జెలో లాగేసుకుంటే రేపట్నుంచి ఇంకే పనీ ముట్టుకోదు. నువ్వే చెప్పావుగా," అంది అత్తయ్య. ఎప్పుడు చెప్పానో నాకే గుర్తులేదు. నేను చెప్పేవన్నీ ఆవిడ వింటోందనే నేనెన్నడూ అనుకోలేదు. ఇన్నాళ్ళూ నేను గెలవాలనుకున్నది ఈవిడ మీద. ఆవిడేమో నా మూడు రూల్సూ నాకంటే బాగా గుర్తుపెట్టుకుని కూర్చుంది. ఆవిడ కొంగు దోపుకుని కల్లంలోకి నడిచి, బొమ్మ అంచున నిలబడింది.

"తల్లీ, నేను కూడా రానా?"

"వద్దు నాయనమ్మా. నా పని నేనే చెయ్యాలి."

"నీ పనేలే. కానీ జుట్టు నాదిగా. నా జుట్టు నేనేరుకుంటా."

నేనేగారు ఆలోచించింది. న్యాయంగానే తోచినట్టుంది. "సరే, కొప్పు కూడా నువ్వే," అంది. "మరి నేను?" అన్నారు మా ఆయన. ఆయనకి ముక్కూ పుడకా దక్కాయి. తోకకి అత్తయ్య మజ్జిగ గ్లాసు ఇచ్చి మంచం మీద కూర్చోబెట్టింది; వాడి పద్దెనిమిది వేళ్ళూ నేనేగారు నాకిచ్చింది, "కళ్ళు ముట్టుకోకమ్మా" అన్న షరతు మీద. ఎండ వాలింది, నీడలు సాగాయి. ఒకళ్ళ భాగంలోకి ఒకళ్ళు వెళ్ళకుండా వంచిన నడుం ఎత్తకుండా ఏరాం. పొద్దు గుంకే వేళకి అత్తయ్య ఆఖరి గుప్పెడు బుట్టలో వేసి, "అయిపోయాన్రా నేను," అంది. అంతా నవ్వాం. నేను నవ్వుతూ ఏడ్చాను, ఈసారి చేతులు వెనక్కి కట్టుకుని.

ఆ పూట అన్నం దగ్గర నేనేగారి వేళ్ళు మండి ముద్ద కలపలేకపోయింది. అత్తయ్య దాని చేతులకి కొబ్బరినూనె రాసి, పెరుగన్నం కలిపి, ముద్ద చేసి, నా వైపు చూసింది. నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. కొంచెంసేపటికి నా నోటి దగ్గరికి కూడా ఒక ముద్ద వచ్చింది. "నీ చేతులు మాత్రం మండట్లా?" అంది. తిన్నాను. పెళ్ళయ్యాక నాకు ఎవరైనా ముద్ద పెట్టడం అదే మొదలు. మర్నాడు యార్డులో మచ్చుకి గుప్పెడు తీసి చూసినాయన కాయంతా మెచ్చుకుని, అడుగు నుంచి రెండు తాలుకాయలు తీసి ఇవేంటని అడిగితే, మా ఆయన తడుముకోకుండా "మా అమ్మ జుట్టండి" అన్నారట. ఆయనకి ఏమర్థమైందో తెలియదు.

ఇదంతా జరిగి ఎనిమిదేళ్ళయింది. మొన్న పత్తి తీతలప్పుడు మా ఇంటి ముందు ట్రాక్టరు ట్రక్కులో పత్తి నింపుతుంటే, నేనేగారూ తోకా పైకెక్కి తొక్కుతున్నారు. తొక్కితేనే పత్తి అణిగి ఇంకాస్త పడుతుంది. ట్రక్కు అంచులు దాటి ఇంకా ఎత్తుకి పోశారు. దాని మీద నేనేగారు గెంతుతుంటే కింద నిలబడ్డ నా గుండె గెంతింది. "పడ..." అన్నాను. నేనే అన్నాను. నాలుక కరుచుకునేలోపు అరుగు మీద కూర్చున్న అత్తయ్య, తల తిప్పకుండా, "పప్పు," అంది.

నేనేగారు గెంతడం ఆపి వంగి చూసింది. "అమ్మా, పైనుంచి చూస్తే నీ పాపిట్లో తాలు పడింది."

చెయ్యి తలమీదికి పోయింది. ఎనిమిదేళ్ళ కిందట ఈ పక్కనే కల్లంలో చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడ్డ ఆ ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల గుర్తొచ్చింది. అన్నీ తెలిసిన పిల్ల, కన్ను ఎలా తుడవాలో తప్ప. దాని మీద నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. చెట్టెక్కని, సైకిలెక్కని, గోడెక్కని ఆ పిల్లకి నేను చెయ్యాల్సిన పని ఒకటి మిగిలిపోయిందనిపించింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకున్నాను. ట్రక్కు చక్రం మీద ఒక కాలు, అంచు మీద ఒక కాలు వేశాను. పైనుంచి నేనేగారు చెయ్యి అందించింది. వద్దన్నాను, నేనే ఎక్కుతానన్నాను.

అప్పుడు అరుగు మీద నుంచి, ఆ చివరి సాలుదాకా వినిపించే గొంతుతో, అత్తయ్య కేక పెట్టింది.

"పడతావే అమ్మాయ్!"

ఊరంతా విన్నట్టుంది. నేను అంచు మీద ఆగి వెనక్కి తిరిగాను. "ఆ మాట అనకూడదు కదత్తయ్యా," అన్నాను.

"పిల్లల్ని అనొద్దన్నావు. నిన్ను అనొద్దన్లేదుగా," అంది. అనేసి, కొంగుతో మొహం తుడుచుకుని, రెండు చేతులూ చాపుకుంటూ ట్రక్కు కిందికి వచ్చి నిలబడింది. డెబ్భై దాటిన మనిషి, నేను పడితే పట్టుకుందామని. చిన్నప్పుడు మా అమ్మ నోట వినీ వినీ విసిగిపోయిన ఆ మాట అంత తియ్యగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. నేను పైకెక్కి, ఇంటి కప్పూ కల్లమూ కింద నిలబడ్డ ఆవిడ తెల్లటి తలా చూసుకుంటూ, కాళ్ళు నొప్పెట్టేదాకా పత్తి తొక్కాను.